స్విచ్చు ఎత్తు

ఆదివారం, రాత్రి.

ఒకళ్లకి ఊరికే ఇల్లు కట్టిపెడుతుంటే, ఆ కూలి లేని పనికి వెళ్లొచ్చి నడుం పట్టుకుని కూర్చున్నాను. వారమంతా వైరింగే, సెలవు రోజూ వైరింగేనా అని ఇంట్లో దెప్పుతున్నారు. ఏం చేయను? అక్కడికి రంగులేయడానికి, ఇటుకలు మోయడానికి బోలెడుమంది వస్తారు. కరెంటు పని మాత్రం వచ్చినవాళ్లందరి చేతిలో పెట్టలేం కదా.

గోడలు ర్యాట్‌ట్రాప్ పద్ధతిలో లేపుతున్నారు. తాపీ మేస్త్రి దాన్ని 'ఎలకబోను' అంటాడు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుకలు దాదాపు 25 శాతం మిగులుతాయి, సిమెంటూ తగ్గుతుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ చవకైన ఇళ్లకి దీన్ని బాగా వాడాడు. నాకు లాభమేంటంటే, వైర్ల పైపులు ఆ ఖాళీలోంచే పోతాయి. గోడకి గాడి కొట్టే దుమ్ము బాధ లేదు. కాకపోతే గోడ లేవకముందే ఏ స్విచ్చు బాక్సు ఎక్కడో తేల్చుకోవాలి.

తేల్చేసుకున్నాను. ఎప్పటిలాగే నాలుగున్నర అడుగుల ఎత్తు.

ఆ ఇంట్లో ఉండబోయే ఆవిడ పొద్దుటి నుంచి మేస్త్రికి సిమెంటు మాలు అందిస్తోంది. (1976లో అమెరికాలో మొదలైన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే ఇళ్లు కట్టే సంస్థ వాళ్లదీ ఇదే లెక్క, ఉండబోయేవాళ్లూ పనిలో చెయ్యి వేయాలి.) మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, స్విచ్చు కాస్త కిందికి రాదా? మా అమ్మకి చెయ్యి పైకి లేవదు" అంది.

గోడ అప్పటికే మూడడుగులు దాటింది.

"ముందే అడగొద్దటయ్యా?" అన్నాడు మేస్త్రి. అడగలేదు మరి. డబ్బులిచ్చే పనిలో డ్రాయింగు చేతికొస్తుంది, మనుషుల్ని అడిగే అలవాటే పోయింది. ఊరికే చేసిపెడుతున్నాం కదా, ఇంకేం అడుగుతారులే అన్న బింకం కూడా లోపల ఉందేమో.

పై రెండు వరసలు అప్పుడే పెట్టినవి, మాలు ఇంకా పచ్చిగా ఉంది. నేనైతే సుత్తి పట్టేవాణ్ణి. ఆయన తాపీ మొనతో ఒక్కో ఇటుకనీ కదిపి ఊడదీశాడు, గీకి, నీళ్లలో ముంచి పక్కన పెట్టాడు. ఒక్కటీ విరగలేదు. నేను పైపు కోసి బాక్సు దించాక మళ్లీ దారం కట్టి, నిలువు చూసే గుండు వేసి, ఒకే ఇటుకని రెండుసార్లు తీసి పెట్టాడు. ప్లాస్టరింగు లేని గోడట, వంకరుంటే ఎప్పటికీ కనబడుతుందట.

సాయంత్రం పెద్దావిడ వచ్చింది. ఖాళీ బాక్సులో వేలు పెట్టి నొక్కి, "అందుతోందే" అంది.

మిగతా గదుల బాక్సులకి వచ్చేవారం ఆవిడ్నీ రమ్మన్నాను.