పరిశోధన నేర్పాలంటే ముందు రిజిస్టర్ తెరవండి

డాక్టర్లకీ నర్సులకీ పరిశోధన నేర్పాలనగానే మనవాళ్లు రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి, పి వాల్యూ లాంటి గణాంకాల లెక్కలతో మొదలెడతారు. మూడో రోజుకి డ్యూటీ డ్యూటీయే, ఫైలు ఫైలే.

2009లో ద యూనియన్ (టీబీ, ఊపిరితిత్తుల జబ్బుల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ), ఎంఎస్‌ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బార్డర్స్) కలిసి మొదలుపెట్టిన పరిశోధన కోర్సుది వేరే దారి. దాన్నే తర్వాత సార్ట్ ఇట్ అన్నారు. ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక), డేటా, పేపర్ అని మూడు మాడ్యూళ్లు, ప్రతిదానికీ గడువు. గడువు తప్పితే ఇంటికే. కటువుగానే ఉంటుంది కానీ, డ్యూటీల మధ్య చదివేవాళ్ల చేత పని పూర్తిచేయించేది అదే.

ప్రశ్న చేతిలో ఉన్న రిజిస్టర్లోంచే పుట్టాలి. ‘టీబీ రోగుల సమస్యలు’ ప్రశ్న కాదు. ‘నిరుడు మన ల్యాబ్‌లో తెమడ పరీక్షలో టీబీ తేలినవాళ్లలో ఎందరికి 7 రోజుల్లోపు మందులు మొదలయ్యాయి?’ ఇదీ ప్రశ్న. ఏడాదిలో తేలినవాళ్లందర్నీ తీసుకుంటే శాంపిల్ లెక్కల గొడవే ఉండదు.

రికార్డులు తీయకముందే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. పాత రికార్డులే కాబట్టి రోగి సమ్మతికి మినహాయింపు అడగొచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఆ వీలుంది. ఇచ్చేది మాత్రం కమిటీయే, మనంతట మనం తీసేసుకునేది కాదు.

అసలు చిక్కు ల్యాబ్ రిజిస్టర్నీ చికిత్స రిజిస్టర్నీ జతచేసే దగ్గర. ఒకదాంట్లో ‘కె. లక్ష్మి’, ఇంకోదాంట్లో ‘వెంకటలక్ష్మి కొండా’. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు వెనక. పేరే నమ్ముకుంటే శుభ్రంగా మందులు వాడుతున్న మనిషి కూడా మందులు మొదలుకాక తప్పిపోయినవాళ్ల లెక్కలో పడుతుంది. నిక్షయ్ ఐడీ (ప్రభుత్వ టీబీ పోర్టల్ ప్రతి రోగికీ ఇచ్చే నంబరు) ఉంటే సరే. లేకపోతే ఊరు, వయసు, ఫోన్ నంబరు మూడూ కలవాలి. వయసులో ఏడాది రెండేళ్ల తేడా పట్టించుకోవద్దు. ఫోన్ ఒక్కటే చూస్తే కుదరదు, ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే ఉంటుంది. జత కుదిరాక పేర్లు తీసేసి వరస నంబర్లు వేయాలి.

తర్వాతి గొయ్యి తేదీలు. 03/07 అని కొడితే ఎక్సెల్ ఒక కంప్యూటర్లో జులై 3 అంటుంది, ఇంకోదాంట్లో మార్చి 7. మన ప్రశ్నంతా ఆ 7 రోజుల మీదే నిలబడింది మరి! డేటా ఎక్కించే ఎపిడేటా సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో తేదీ గడికి ఒకే పద్ధతి కట్టేసి, ఇద్దరి చేత విడివిడిగా ఎక్కించి పోల్చాలి. పరీక్షకంటే ముందే మందులు మొదలైనట్టు కనబడితే మళ్లీ రిజిస్టర్ తెరవాల్సిందే.

మొదటి టేబుల్ రాగానే ల్యాబ్ టెక్నీషియన్‌కి చూపించండి. తప్పిపోయారనుకున్నవాళ్లలో కొందరు పక్క మండలంలో మందులు మొదలుపెట్టి ఉంటారు. ఏ ఊరివాళ్లు ఎటు వెళతారో రిజిస్టర్లో ఉండదు, ఆయనకి తెలుస్తుంది.