అలెప్పీ హౌస్‌బోటును ఎంచుకుని బుక్ చేసుకున్న తీరు: నా అనుభవం

2022లో కార్డేలియా అనే విహార నౌక విశాఖ పోర్టుకు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో క్రూయిజ్ ప్రస్తావన తరచుగా వచ్చేది. అయితే అంత పెద్ద ఓడలో జనం మధ్య తిరగడం కన్నా, నీటికి దగ్గరగా నిదానంగా సాగే సంప్రదాయ పడవలో ఒక రాత్రి గడపాలన్నది మా అమ్మ కోరిక. అందుకే కేరళలోని అలెప్పీని ఎంచుకున్నాము. ఒకప్పుడు అక్కడి కుట్టనాడు ప్రాంతపు పొలాల నుంచి ధాన్యం మోసిన కెట్టువళ్ళాలనే పడవలే నేటి హౌస్‌బోట్లకు మూలం. మేకులు వాడకుండా పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, జీడిపెంకులను కాచి తీసిన నల్లని పూత పూసే ఆ పనితనాన్ని కళ్లారా చూడాలని నాకూ ఎంతో ఆశగా ఉండేది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన బోటులో మన విశాఖవాసులూ ఉన్నారు. 2023 మేలో కేరళలోనే తానూరు వద్ద, చేపల పడవను విహార బోటుగా మార్చి పరిమితికి మించి జనాన్ని ఎక్కించడంతో అది తిరగబడి 22 మంది మరణించారు. ఈ రెండు ఘటనలూ మనసులో మెదులుతుండటం వల్ల, గదుల ఫొటోలకన్నా ముందు కాగితాలే అడగాలని నిశ్చయించుకున్నాను.

ఫోను చేసిన ప్రతి చోటా బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందికి అనుమతి ఉందన్న వివరం అడిగాను. ఒక ఏజెంటు ఫొటోలో ఉన్నలాంటి బోటే ఇస్తామన్నారు గానీ, నంబరు మాత్రం చెప్పలేదు. అలా ఒప్పుకుంటే ఆ రోజు ఖాళీగా ఉన్న బోటు ఏదైనా మనకు అంటగట్టవచ్చు కనుక, అక్కడితో ఆ బేరం వదిలేశాను. చివరకు ఒక యజమాని వీడియో కాల్‌లో తన బోటు పత్రాలను, లైఫ్ జాకెట్లను, మంటలార్పే సిలిండర్లను ఓపికగా చూపించారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నందున కింది అంతస్తు గదినీ, బాత్‌రూము గడప ఎత్తునూ కూడా అడిగి చూశాను.

కొత్తగా వెళ్లేవారు ముఖ్యంగా తెలుసుకోవలసింది సమయాల గురించి. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో బయలుదేరే బోటును సాయంత్రం అయిదున్నరకల్లా ఒడ్డుకు కట్టేస్తారు. ఆ తరువాత జాలర్లు వలలు వేసుకుంటారు. అంటే నీటిపై సాగే సమయం పూటకు మించదు. కాబట్టి రాత్రి ఎక్కడ కడతారన్నది తప్పక అడగాలి. బోట్లన్నీ బారులు తీరే రేవులో జనరేటర్ల మోత ఉంటుంది, పొలంగట్టు పక్కన హాయిగా నిద్ర పడుతుంది. కొన్ని బోట్లలో ఏసీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకే వేస్తారు. పెద్ద బోట్లు ఇరుకు కాలువల్లోకి వెళ్లలేవు. అవి చూడాలంటే చిన్న శికారా పడవకు వేరుగా చెల్లించాలి.

భోజనం విషయంలో మనవారికి కొబ్బరినూనె వంట, లావు మట్ట బియ్యం అలవాటు ఉండవు. అమ్మ శాకాహారి కావడంతో, పొద్దుతిరుగుడు నూనెతో వండి తెల్లన్నం పెట్టాలని ముందే మాట్లాడుకున్నాను. డిసెంబరు చివరి వారాల్లో ధరలు బాగా పెరుగుతాయి గనుక ఆ రోజులను తప్పించాము.

ఒప్పుకున్నవన్నీ యజమాని చేత వాట్సాప్‌లో రాయించుకున్నాకే కొద్దిపాటి అడ్వాన్సు పంపాను. రేవులో బోటుపై రాసి ఉన్న నంబరును సరిచూసి, అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు ఉన్నాయని లెక్కపెట్టిన తరువాతే మిగతా సొమ్ము చెల్లించి బోటు ఎక్కాము.