షేర్ బటన్ లేని పోటీ

గత నెలంతా మా చుట్టాల గ్రూపుల్లో ఒకటే గోల. "మా చిన్నదాని బొమ్మ పోటీలో ఉంది, లింక్ నొక్కి లైక్ కొట్టండి, ఇంకో నలుగురికి పంపండి." నేనూ కొట్టాను, బొమ్మ సరిగ్గా చూడకుండానే. చివరికి గెలిచింది ఎవరయ్యా అంటే, మాకంటే చుట్టాలు ఎక్కువున్న పిల్ల.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం వాళ్లు 2008లో పెట్టిన 'క్లిక్!' ప్రదర్శన గుర్తొచ్చింది. మారుతున్న బ్రూక్లిన్ మీద ఫోటోలు పంపమంటే 389 వచ్చాయి. వాటిలో ఏవి గోడెక్కాలో తేల్చింది మామూలుగా ఆ ఎంపిక చేసే క్యూరేటర్లు కాదు, ఆన్‌లైన్‌లో మార్కులు వేసిన జనం. అలాగని అన్నీ వరసగా పేర్చి నచ్చింది ఏరుకోమనలేదు. పేకముక్కల్లా కలిపేసి కంప్యూటర్ ఒక్కొక్కటే ముందుకు తోస్తుంది, తీసినవాళ్ల పేరుండదు, నచ్చలేదని దాటేసి పోవడానికి లేదు, ఫలానా ఫోటో లింక్ బాబాయికి పంపడానికి అసలే లేదు. ఒక స్లైడర్ ఉంటుంది, అటో ఇటో జరిపితే తర్వాతది వస్తుంది. అంతే. 3,344 మంది కలిసి 4,10,089 సార్లు మార్కులు వేశారు, అంటే మనిషికి సగటున 120 పైనే. మా పిన్ని ఒక్క లింక్ నొక్కడానికే విసుక్కుంది!

చివరికి 78 ఫోటోలు గోడెక్కాయి. ర్యాంకును బట్టి ప్రింటు సైజు పెట్టారు. ఆలోచన బాగుంది కానీ కాస్త కఠినమే, చిన్న ప్రింటు దక్కినాయన ఇంట్లోవాళ్లను తీసుకెళ్లి ఏం చూపిస్తాడు పాపం.

2023లో అమెరికాలోనే డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల నాషర్ మ్యూజియం ఇంకాస్త ముందుకెళ్లి, జనాన్ని కూడా పక్కనపెట్టి, ప్రదర్శన ఎంపికను చాట్‌జీపీటీకే అప్పగించింది. కలలూ, ఆదర్శలోకాలూ అంటూ అంశం అదే చెప్పింది, వస్తువులూ అదే ఏరింది, మధ్యలో కొన్నిటికి లేని పేర్లు కూడా అంటగట్టింది. సరదాగానే ఉంది, కానీ నా ఓటు బ్రూక్లిన్ పద్ధతికే. అక్కడ మిషన్‌కు అభిరుచి లేదు, ముక్కలు కలపడం ఒక్కటే దాని పని, చూడటం మనుషులకే వదిలేశారు.

ఇదంతా పిన్నికి చెప్పి, వచ్చే ఏడు మన పోటీలో కూడా పేర్లు తీసేసి, షేర్ బటన్ ఎత్తేయమని అడుగుదామా అన్నాను.

"మరి మనది ఏదో మనవాళ్లకి ఎలా తెలుస్తుందిరా?" అంది.