కాలిఫోర్నియాలో చారల జాగా టికెట్: పోరాడాలా, కట్టేయాలా?

వికలాంగులకు కేటాయించిన నీలం పార్కింగ్ స్థలం పక్కన అడ్డచారలు గీసిన జాగా వ్యాన్‌లోంచి వీల్‌చైర్ దిగడానికి. కనీసం 5 అడుగుల వెడల్పుంటుంది. అక్కడ ఆపితే జరిమానా 250 డాలర్లకు తగ్గదు. వికలాంగుల ప్లకార్డు (కారులో తగిలించే పర్మిట్) ఉన్నా చెల్లదు. వెహికల్ కోడ్ 22507.8 ఆ మాట సూటిగానే చెబుతుంది. "రెండు నిమిషాలే ఆపాను" అన్న వాదన రాసి కాగితం దండగ చేసుకోకండి.

నిలబడే వాదన వేరే. పెయింట్ వెలిసిపోయిందా, టికెట్‌లో ప్లేటు నంబరో చోటో తప్పుందా చూడండి. వెంటనే ఫొటోలు తీయండి: టైరు చారల మీదుందా బయటుందా తెలిసేలా దగ్గర్నుంచి ఒకటి, బోర్డులు, నేల మీది "నో పార్కింగ్" అక్షరాలు కనబడేలా దూరం నుంచి ఇంకొకటి. వారం తర్వాత వెళ్తే కొత్త పెయింట్ వేసేసి ఉండొచ్చు!

టికెట్ ఇచ్చిన 21 రోజుల్లోపు, దాన్ని ఇచ్చిన ఏజెన్సీని తొలి సమీక్ష అడగాలి. దానికి ఫీజు లేదు. కాదంటే, ఆ జవాబు పోస్టు చేసిన తేదీ నుంచి మరో 21 రోజుల్లో హియరింగ్ కోరాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, జరిమానా మొత్తం ముందే డిపాజిట్ చేయాలి కాబట్టి. కట్టలేని స్థితి రుజువు చేస్తే మినహాయింపు ఉంది. అక్కడా ఓడితే 30 రోజుల్లో సుపీరియర్ కోర్టు.

నీలం స్థలంలోనే ఆపి, ప్లకార్డు తగిలించడం మరిచారంతేనా? అప్పటికే అది చెల్లుబాటులో ఉందని చూపిస్తే 25 డాలర్ల లోపు ఫీజుతో టికెట్ రద్దు చేసే వీలు ఏజెన్సీకి ఉంది.