పఠాణి సామంత మానయంత్రం: రెండు బద్దలు, లెక్క తప్పని గాట్లు

ఒడిశాలో ఖండపడ అనే చిన్న సంస్థానం. అక్కడి చంద్రశేఖర సామంత (1835–1904), జనం నోట పఠాణి సామంత, ఖగోళ సిద్ధాంత గ్రంథాలు సొంతంగా చదువుకున్నారు. పుస్తకంలోని లెక్కకీ ఆకాశంలో కనిపించేదానికీ పొంతన కుదరక, వెదురుతో, కర్రతో పనిముట్లు చేసుకుని కొలిచారు. టెలిస్కోపు లేదు. ఆ శ్రమంతా సంస్కృత శ్లోకాల్లో ‘సిద్ధాంతదర్పణం’గా తాటాకులకెక్కి, 1899లో కలకత్తాలో అచ్చయింది.

ఆ పనిముట్లలో ఇంట్లో చేసుకోదగ్గది, కోణాలు కొలిచే మానయంత్రం. 24 అంగుళాల పిడి, దాని చివర నడిమికి అతికేలా అడ్డంగా ఇంకో బద్ద, అంతే. పిడి రెండో కొస దగ్గర కన్ను పెట్టి, అడ్డబద్ద మీది గాట్ల మీదుగా చూడాలి. ఈ అంగుళం మన టేపు మీదది కాదు, వేలి వెడల్పు. 2 సెం.మీ. అనుకుంటే పిడి 48 సెం.మీ. అవుతుంది. అడ్డబద్ద 60 సెం.మీ. ఉంటే చాలు. దాని రెండు కొసల నుంచీ కంటి వైపు పిడి కొసకు కొలిస్తే రెండు వైపులా 56.6 సెం.మీ. రావాలి, లేకపోతే మూల మట్టం తప్పినట్టే.

గాట్లు మధ్య నుంచి 5 డిగ్రీలకు 4.20 సెం.మీ., 10కి 8.46, 15కి 12.86, 20కి 17.47, 30కి 27.71 దూరంలో పడాలి. చాలామంది 30 డిగ్రీల గాటు పెట్టి, మధ్యలో సమానంగా పంచేస్తారు. అప్పుడు 15 అని రాసుకున్న చోట నిజానికి 16 డిగ్రీలు దాటుతుంది. కన్ను పిడి కొసకు ఒక్క సెంటీమీటరు వెనక ఉన్నా 30 డిగ్రీల దగ్గర అర డిగ్రీ తేడా, అంటే నిండు చంద్రుడి వెడల్పంత. అందుకే పిడిని ఆ మేరకు కురచ చేసి, కంటి నుంచి అడ్డబద్దకు 48 వచ్చేలా చూసుకోవాలి.

కొండ ఎత్తుకు త్రికోణమితి పట్టిక కూడా అక్కర్లేదు. పిడిని మట్టంగా, అడ్డబద్దను నిటారుగా పట్టి, శిఖరం మధ్య నుంచి 8 అంగుళాల (16 సెం.మీ.) పైనున్న గాటు దగ్గర కనిపించేచోట నిలబడండి. 6 అంగుళాల (12 సెం.మీ.) గాటుకు దిగేదాకా తిన్నగా వెనక్కి నడవండి. నడిచిన దూరమే కంటి మట్టం పైన కొండ ఎత్తు: కొండ దూరం దాని ఎత్తుకు ఎన్ని రెట్లో చూస్తే, 24ను 6తో భాగిస్తే 4, 8తో భాగిస్తే 3, తేడా 1. నేల చదునుగా ఉండాలి. 6 అంగుళాల గాటు చదవడంలో అంగుళంలో పదోవంతు పొరపడితే జవాబు సుమారు 7 శాతం తప్పుతుంది.

గాట్లతోపాటు రంధ్రాలూ ఉండేవి. 2 మి.మీ. రంధ్రం 48 సెం.మీ. దూరంలో పావు డిగ్రీని కప్పేస్తుంది. చంద్రగతిలో సామంత స్వయంగా పట్టుకున్న మూడు తేడాల్లో మొదటిది డిగ్రీ పైన పావు, రెండోది 40 నిమిషాలు (డిగ్రీకి 60), మూడోది 11 నిమిషాలే. మొదటి రెండూ ఈ బద్దకు అందుతాయి. మూడోది రంధ్రం కన్నా చిన్నది. ఒక్క రాత్రి చూపుతో దొరికేది కాదు, ఏళ్ల తరబడి రాసుకున్న కొలతల్లోంచి లాగాల్సిందే. చంద్రుడు నక్షత్రాల మధ్య గంటకు దాదాపు అర డిగ్రీ జరుగుతాడు కాబట్టి, కోణం పక్కన సమయం రాయని కొలత దీనికి పనికిరాదు.