సెలవు మీద సోంపేటలో

ఊరికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: “మన ఉద్దానంలోనే ఇంతమంది కిడ్నీ రోగులుంటే, దక్షిణ సూడాన్ వెళ్లి నువ్వు చేసేదేమిటమ్మా?”

న్యాయమైన ప్రశ్నే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా ప్రారంభమయ్యాయి మరి.

దక్షిణ సూడాన్‌లో నేను చేసేది సినిమా సాహసమేమీ కాదు. పొద్దున్నే టీకాల ఫ్రిజ్ చూడాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో. జనరేటర్ మొరాయిస్తే ముందు మెకానిక్ కోసం పరుగు. ఆపైన రిజిస్టర్లు, మందుల లెక్కలు. నాన్న జీడిపప్పు చిట్టాలే నయం.

తరువాత పిల్లలు. మోచేతి పైభాగాన రంగుల పట్టీ చుట్టి కొలుస్తాం. 115 మిల్లీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. అప్పుడు వేరుశనగ, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన ముద్ద పొట్లం మూల చింపి ఇస్తాం. 92 గ్రాములే, 500 కిలో కాలరీలు. బిడ్డ మొహం తిప్పుకుంటే వార్డులో చేర్చుకోవాల్సిందే. లాక్కుని తిని, వేళ్లు కూడా నాకేస్తే, ఇతర జబ్బులేవీ లేకుంటే, వారానికి సరిపడా పొట్లాలతో ఇంటికి పంపుతాం. మొన్న ఒక బుడతడు నా చేతి గ్లౌజు కూడా నాకాడు. వాళ్లమ్మ పడీపడీ నవ్వింది. నా అసలు సంపాదన అదే. జీతమెంతో మాత్రం అడగకండి, అమ్మకే చెప్పలేదు.

డయాలసిస్ పని నేర్చుకోవాలని ఉంది. వచ్చే సెలవులో పలాస వైపు ఎవరైనా నేర్పిస్తామంటే సిద్ధం.