క్రెస్కో దగ్గర ఒక పొలం

మొన్న శనివారం అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ పెరిగిన పొలం చూసొచ్చాం. క్రెస్కో ఊరు దాటాక కంకర రోడ్డు, రెండు పక్కలా మొక్కజొన్న. కారు ఆగేసరికి వెనక అద్దం నిండా దుమ్ము. మా చిన్నది దిగీదిగగానే దాని మీద వేలితో పేరు రాసేసింది.

ఆయన ముత్తాతలు 1854లో నార్వే నుంచి వలస వచ్చారు. బోర్లాగ్ 1914లో తాతగారి పొలంలో పుట్టాడు. వీళ్లది 106 ఎకరాలు. వినగానే మనకు భూస్వామి గుర్తొస్తాడు గానీ, అక్కడ అది మామూలు సంసారమే. మొక్కజొన్న, ఓట్స్ పంట, పశువులు, పందులు. ఏడేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఆ పిల్లాడిదీ అదే పని. ఎనిమిదో తరగతి వరకు ఒకే గది ఉన్న బడి.

"ముందు బుర్ర నింపుకో, తర్వాత కడుపు నిండుతుంది" అన్న అర్థంలో తాత నెల్స్ చెప్పేవాడట. అచ్చం మా తాతయ్య మాటే! తీరా మిన్నెసోటా యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో మనవడు తప్పాడు. అది చదివాక నాకెందుకో ఆయన మీద ఇష్టం ఇంకా పెరిగింది.

1960ల్లో మన దేశానికొచ్చిన మెక్సికో పొట్టి గోధుమ ఈయన చలవే. 1970లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని చెప్పడానికి భార్య మార్గరెట్ కారేసుకుని మెక్సికోలోని గోధుమ చేలోకి వెళ్తే, ఆయన ముందు నమ్మలేదట. తర్వాత మళ్లీ పనిలో పడ్డాడట.